టవలు కింద బేరం

పదకొండో రోజు ఉదయం యలహంక పాత ఊళ్లో ఆ ఇంటి ముందు ఉన్నవి ఇవి: నీలం, తెలుపు చారల షామియానా. దాని కింద అద్దెకు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు, సగానికి పైగా ఖాళీ. అరిటాకుల కట్ట, దాని మీద నీళ్లు చల్లిన గోనెపట్ట. ఒక స్టూలు, స్టూలు మీద దండ వేసిన ఫొటో. ఫొటోలో ఆయనకు మంకీ క్యాప్ లేదు. అందువల్ల ఒక క్షణం నేను వేరే ఇంటికి వచ్చానేమో అనుకున్నాను.

ఉన్నవాళ్లు: ఆయన భార్య. హిందూపురం వైపు నుంచి తొలి బస్సుకు వచ్చిన బంధువులు. పురోహితుడు. వంటవాళ్లు ఇద్దరు. సందుకు అవతల పిండి మర నడిపే మంజులమ్మ, ఆ పూటకు మర ఆపి చేతులు కడుక్కుని వచ్చింది. నేను. మర ముందు, ఇనప స్తంభానికి కట్టేసి, ఒక గోధుమరంగు ఆడకుక్క.

కుక్క అరుస్తోంది. పురోహితుడు గొంతు పెంచాడు. కుక్క కూడా పెంచింది.

"ఆ కుక్కని ఎవరన్నా సుమ్నె ఉండమని చెప్పండప్పా" అన్నాడు బంధువుల్లో ఒక పెద్దమనిషి.

"చెప్పేటాయన ఫొటోలో ఉండాడు" అంది మంజులమ్మ.

ఆయన్ను మేమంతా అంకుల్ అనే పిలిచేవాళ్లం. ఇక్కడ పేరు రాయను. పేరు రాస్తే ఆయనకు కోపం వస్తుందని కాదు, ఏది రాసినా వస్తుంది. బేరం కాకముందు ఫొటో కూడా తియ్యకూడదని నా కెమెరాకు అరచెయ్యి అడ్డం పెట్టిన మనిషి.

నేను ఆయనతో తిరిగింది ఒక్క చలికాలం, ఆ తర్వాత ఉగాది దాకా. రెండువేల నాలుగు చివర, ఐదు మొదట్లో. అప్పుడు నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాణ్ణి. హెబ్బగోడిలో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. ఊరికి ఆ చివర హెబ్బగోడి, ఈ చివర యలహంక. మెజెస్టిక్‌లో బస్సు మారాలి. ఆదివారం గదిలో మిగతా ముగ్గురూ మధ్యాహ్నం దాకా నిద్రపోతే, నేను తెల్లారేసరికి బస్సులో ఉండేవాణ్ణి. కుక్కలంటే ప్రాణమని చెప్పను. పద్ధతి లేని చోట ఒక పద్ధతి పెట్టడం నాకు ఇష్టం. ఆ షెల్టరులో పద్ధతి అస్సలు లేదు.

పాత ఊరి అంచున, ఎవరిదో ఖాళీ స్థలంలో రేకుల షెడ్డు అది. వీధుల్లో దెబ్బలు తగిలి దొరికినవి, ఇల్లు మారుతూ యజమానులు గేటు బయట వదిలేసినవి, అన్నీ కలిపి ముప్పైకి పైగా కుక్కలు. నడిపే ఆవిడను మేడం అనేవాళ్లం. షెడ్డుకు వచ్చి కుక్కను ఎంచుకునేవాళ్లు ఎలాగూ తక్కువ. వచ్చినా, ఇనప వల వెనక అన్నీ ఒకేసారి మొరుగుతుంటే గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరిగేవాళ్లు. అందుకని మేడం ఒక ఆలోచన చేసింది. ఆదివారం ఒక్కో వాలంటీరూ ఒక్కో కుక్కను బయటికి తీసుకెళ్లాలి. చెరువు గట్టుకో, పార్కుకో. జనం చూస్తారు, ముచ్చటపడతారు, పెంచుకుంటామని అడుగుతారు. సాయంత్రానికి కుక్కను తిరిగి తెచ్చి అప్పగించాలి.

ఇందులో నా వంతు నారింజరంగు కోట్లు. కుక్కకు తొడిగే కోటు, వీపుకు రెండు పక్కలా కన్నడంలో, ఇంగ్లీషులో 'నాకు ఇల్లు కావాలి' అని. పది మీటర్ల దూరం నుంచి చదవగలిగేట్టు అక్షరాల ఎత్తు లెక్కకట్టాను. పొట్ట కింద ఒక్క చేత్తో అతికించే పట్టీ. మూడు సైజులు. శివాజీనగర్‌లో దర్జీ చుట్టూ తిరిగి కుట్టించాను. వాటిని చూసి మేడం మొదటిసారి నన్ను మెచ్చుకుంది.

ఆయన గేటు దగ్గరికి మొదటిసారి వచ్చింది సాయం చెయ్యడానికి కాదు. పోట్లాడటానికి. లుంగీ, స్వెట్టరు, మంకీ క్యాపు, భుజం మీద టవలు.

"ఎవరప్పా ఈడ పెద్దోళ్లు?"

మేడం లేదు. తెలుగు వినపడిందని నన్ను ముందుకు తోశారు.

"చెప్పండి అంకుల్."

"ఏం చెప్పేది? నాకి నిద్ర లేదు. నా పెండ్లానికి నిద్ర లేదు. మా ఇంట్లో గోడ గడియారం ఒగటే సుఖంగా ఉండాది, దానికి చెవుల్లేవు కాబట్టి. ఏమప్పా ఈ గలాటా?"

"కుక్కలు కదండీ, అరుస్తాయి."

"అరవొద్దంటా ఉండానా నేను? ఈడ అరవొద్దంటా ఉండా. ఎన్ని ఉండాయి?"

చెప్పాను.

"వారానికి ఎన్ని పోతాయి?"

"ఒకటి. ఒక్కో వారం అదీ లేదు."

ఆయన మనసులోనే భాగహారం చేశారు. ఆ ఫలితం మొహంలో కనపడింది. "అట్లయితే నాకి నిద్ర పట్టేది సచ్చినాకనే. వచ్చే ఆదివారం నేనూ వస్తా. ఒగటి ఇయ్యి, పోగొడతా."

"పోగొట్టడం కాదు అంకుల్, దత్తత..."

"అదేలే అప్పా."

అన్నట్టే వచ్చారు. నాకంటే ముందే వచ్చి గేటు తాళం ఎప్పుడు తీస్తారని కూర్చున్నారు. వాలంటీర్లు ఎప్పుడూ ముందు ముద్దుగా ఉన్న కుక్కలను తీసుకునేవాళ్లు. తెల్లది, బొచ్చుది, షేక్ హ్యాండ్ ఇచ్చేది. ఆయన అడిగింది వేరు. "అన్నిట్లోకి గట్టిగా అరిచేది యాది? అది ఇడవండి."

అది గోధుమరంగు నాటు కుక్క. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి వాలి ఉంటుంది. ఆకు కదిలినా అరుస్తుంది, కదలకపోయినా ఎందుకు కదల్లేదని అరుస్తుంది. ఆ గొంతు వల్లే షెడ్డులో అందరికంటే పాతకాపు అయింది. మేడం దానికి ప్రిన్సెస్ అని పేరు పెట్టింది.

"ప్రిన్సెస్సా? రాజకుమారి ఇట్ల అరిస్తే రాజ్యం నిలుస్తుందా? ఏయ్ గలాటా, రా ఇట్ల" అన్నారు ఆయన. ప్రిన్సెస్ అని ఇన్నాళ్లు పిలిచినా పలకని కుక్క, గలాటా అనగానే తల తిప్పి చూసింది. అది కూడా నాకు నచ్చలేదు.

కొత్తవాళ్ల వెంట పాతవాళ్లు ఒకరు ఉండాలని మేడం నియమం. భాష కారణంగా ఆయన్ను నాకు అంటగట్టారు. బయలుదేరే ముందు కుక్కకు కోటు తొడిగి పట్టీ అతికించాను. ఆయన గొలుసు చివరకు టవలు కొస చుట్టి, దాన్ని పట్టుకున్నారు. ఇనుము చేతికి తగలకూడదని కాదు, కుక్కకు సంబంధించినది ఏదీ తగలకూడదని. ఒక్కసారి కూడా దాన్ని నిమరలేదు. ఎద్దును పగ్గం పట్టి నిలవరించేవాడిలా నడుము వెనక్కి వేసి నడిచేవారు. దారి పొడుగునా దానికి చీవాట్లు. "రాత్రి ఏమే, ఎవడొచ్చినాడని? నీ మేనమామా?"

మలుపు తిరగగానే ఆగి, కోటు విప్పారు. నాలుగు మడతలు పెట్టి లుంగీ మడతలో దోపుకున్నారు.

"ఏంటి అంకుల్ అది?"

"దానికి చలి లేదులే."

మిగతావాళ్లంతా చెరువు గట్టుకు వెళ్లారు. ఆదివారం జనం ఉండేది అక్కడ. ఆయన కుక్కను తీసుకుని మొదట పాల బూతుకు వెళ్లారు. తర్వాత క్షవరం షాపుకు. తర్వాత రాగులు ఆడించడానికి మంజులమ్మ మరకు. అంటే ఆదివారం పొద్దున ఆయన చేసుకునే పనులే, వెంట ఒక కుక్క. క్షవరం షాపులో ఆయన గడ్డానికి సబ్బు పూయించుకుంటుంటే, కుర్చీ కింద గలాటా, బయట బెంచీ మీద నేను.

"ఎవరిదన్నా కుక్క?" అన్నాడు షాపతను.

"మాదే."

నేను బెంచీ మీద నుంచి లేచాను.

"ఎప్పుడు తెచ్చినారు? కరుస్తుందా?"

"ఊర్లో వాళ్లని కరవదు. చెవి పక్కన సరిగ్గా గీయకపోతే నిన్ను కరుస్తుంది."

పాల బూతులోనూ అదే. దారిలో ఎవరు అడిగినా అదే. మాదే. ఆ ఒక్క పూటలో నాకు తెలిసి తొమ్మిది మంది అడిగారు. తొమ్మిది మందికీ అబద్ధమే చెప్పారు. ఇల్లు కావాల్సిన కుక్కను ఊరంతా తిప్పి, దీనికి ఇల్లుంది అని చాటించి, సాయంత్రం తెచ్చి షెడ్డులో కట్టేశారు. తర్వాత పంపు దగ్గర మోచేతుల దాకా సబ్బు పెట్టి చేతులు కడుక్కున్నారు.

"ఈ తిప్పడం దేనికి అంకుల్? ఇది షెల్టరు కుక్క, కావాలంటే తీసుకోండి అని చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?"

"ఇంజనీరప్పా, సంత చూసినావా నువ్వు? ఎద్దుల సంత?"

చూడలేదన్నాను.

"మా నాయన ఆడ బేరగాడు. తీసుకోండి తీసుకోండి అని అరిచేటోడి ఎద్దుని ఎవడూ ముట్టడు. దీనికి ఏం రోగమో అంటాడు. అమ్మేటోడు గమ్మున నిలబడుకోవల్ల. అమ్మనే అమ్మ అనల్ల. కావాల్సినోడు మూడుతూర్లు అడుగుతాడు. మూడోతూరికి టవలు కింద చెయ్యి పెడతారు, ఏళ్లు పట్టుకోని రేటు చెప్పుకుంటారు. అప్పుడు అది బేరం. నువ్వేమో దాని వీపు మీదనే రాసి పెడ్తివి, నాకు దిక్కు లేదు అని. దిక్కు లేనిదాన్ని ఎవడు తీసకపోతాడు?"

ఎద్దుకూ కుక్కకూ తేడా చెప్పాను. సంత వేరు, పెంపకం వేరు అని చెప్పాను. చెరువు గట్టు మీద కోటు వేసుకున్న తెల్లకుక్కకు ఆ రోజే ఇల్లు దొరికిందని చెప్పాను.

"సంతోషం అప్పా. ఎన్నాళ్లకి తిరిగొస్తుందో చూద్దాం."

అది పదిహేను రోజులకు తిరిగొచ్చింది, సోఫా కొరికిందని. కానీ అలా తిరిగి రానివి కూడా ఉన్నాయి. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు.

మర దగ్గర మాత్రం ప్రతి ఆదివారం కాసేపు ఆగేవాళ్లం. మంజులమ్మ కనుబొమల దాకా పిండితో తెల్లగా ఉండేది. మర వెనక పందికొక్కులు గోతాలు కొరికేవి. గలాటా అక్కడికి వెళ్లగానే ఆ మూలకు తిరిగి గోడ అదిరేలా అరిచేది. మంజులమ్మకు ఆ అరుపు నచ్చింది. బెంగళూరు మొత్తం మీద ఆ అరుపు నచ్చిన మనిషి ఆవిడ ఒక్కతే.

"అన్నా, మీ కుక్క వచ్చిపోతే రెండు దినాలు కొక్కులు బయటికి రావు. నాకిడవరాదా?"

నేను నోరు తెరిచాను. నా కాలి బొటనవేలి మీద ఆయన చెప్పు పడింది.

"ఇవ్వనమ్మా" అన్నారు ఆయన.

బస్సులో హెబ్బగోడి దాకా నేను ఆ బొటనవేలు చూసుకుంటూ వెళ్లాను.

జనవరిలో మా ఆఫీసులో పక్క టీమ్ లీడ్ కుక్కను పెంచుకోవాలనుకుంటున్నాడని తెలిసింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో సొంత ఇల్లు, చుట్టూ కాంపౌండు, కుక్క కావాలని అడుగుతున్న ఏడేళ్ల కూతురు. నా లెక్కలో అంతకంటే మంచి ఇల్లు లేదు. గలాటా సంగతి వాళ్లకు నెల రోజులు చెప్పాను. అరుస్తుందని కూడా చెప్పాను. ఇంటికి కాపలా ఉంటుంది కదా అన్నాడు అతను. ఒక ఆదివారం కారులో ముగ్గురూ వచ్చారు. పాప నేరుగా గలాటా దగ్గరికి వెళ్లి వాలిన చెవి పట్టుకుంది. గలాటా అరవలేదు. ఆ చలికాలం మొత్తంలో అది అరవాల్సిన చోట అరవకపోవడం నేను చూసింది అప్పుడే.

"ఇదేనా? బాగుంది. తీసుకెళ్లొచ్చా అంకుల్?" అన్నాడు టీమ్ లీడ్.

"ఇది మాది సార్. ఇవ్వం."

టీమ్ లీడ్ నవ్వాడు, ఏదో హాస్యం అనుకుని. "సీరియస్‌గానే అడుగుతున్నానండీ. మా పాపకి నచ్చింది."

"చెప్తి కదప్పా."

"ఏంటండీ ఇది?" అంది టీమ్ లీడ్ భార్య, నాతో. "ఇంత దూరం రమ్మని చెప్పి, ఇప్పుడు ఇవ్వమంటే ఎలా?"

నేను అటూ ఇటూ మాట్లాడాను. ఈయన షెల్టరు మనిషి కాదు, వాలంటీరే అన్నాను. ఈ కుక్క ఈయనది కాదన్నాను. నేను మాట్లాడేకొద్దీ వాళ్ల మొహాల్లో అనుమానం పెరిగింది. ఎవరిదో తెలియని కుక్క మాకెందుకు అన్నట్టు చూసుకున్నారు. పాప చెయ్యి పట్టి కారెక్కించారు. నెల తిరక్కుండా లాబ్రడార్ పిల్లను కొనుక్కున్నారు. దాని ఫొటో టీమ్ లీడ్ కంప్యూటరు తెర మీద కనపడేది, రోజూ, నేను ఆ పక్క నుంచి కాఫీకి వెళ్లే దారిలోనే.

ఆ రోజు షెడ్డు ముందే గట్టిగా అడిగేశాను. "ఇంకొక్కసారి అడిగితే ఇద్దామనుకున్నారా?"

"అనుకుంటి."

"మూడోసారి అడగాలని వాళ్లకెలా తెలుస్తుంది?"

"కావాల్సినోడికి ఎవరు చెప్పల్ల? రెండుతూర్లు అడిగి పోయినోడు, అది రెండు రాత్రులు అరిస్తే తెచ్చి ఈడ పారేస్తాడు."

"వాళ్లు సంతలో పుట్టిన మనుషులు కాదు అంకుల్. మర్యాదస్తులు. వద్దంటే వెళ్లిపోతారు."

"అదే చెప్తా ఉండా" అన్నారు ఆయన, నేను ఆయన పక్షాన వాదించినట్టు.

తర్వాత రెండు ఆదివారాలు నేను వేరే కుక్కలతో చెరువు గట్టుకు వెళ్లాను. ఆయన, గలాటా తమ పనులు తాము చూసుకున్నారు. దూరం నుంచి చూస్తే ఏ అనుమానమూ రాదు. ఒక ముసలాయన, ఆయన కుక్క, రాగుల సంచి.

శివరాత్రి వెళ్లాక స్థలం యజమాని వచ్చాడు. కొత్త విమానాశ్రయం వస్తోందని అటువైపు భూముల ధరలు పైకి లేచిపోతున్న రోజులవి. ఉగాది లోపు స్థలం ఖాళీ చెయ్యాలన్నాడు. మేడం ఎక్కడెక్కడో తిరిగి తుమకూరు రోడ్డు మీద, ఊరికి చాలా దూరంలో ఒక చోటు చూసింది. అక్కడ ఆదివారం బయటికి తీసుకెళ్లేందుకు వాలంటీర్లు రారు. కుక్కను చూసేందుకు ఊరే లేదు. పైగా అరిచే కుక్కలను వెనక వరసలో, విడిగా కడతారట, మిగతావి చెదరకుండా. గలాటాకు ఉగాది లోపు ఇల్లు దొరకాలి. దొరకకపోతే మిగతా బతుకంతా ఆ వెనక వరసలోనే.

ఆ మాట ఆయనకు చెప్పాను. "అయినా మీకేం అంకుల్. అన్నీ వెళ్లిపోతున్నాయి. ఉగాది నుంచి మీకు హాయిగా నిద్ర. ఇంక మీరు రాకపోయినా పర్వాలేదు."

ఆయన మంకీ క్యాప్ కిందకి లాక్కున్నారు. "బేరం మొదులుపెట్టి నడమల లేసిపోతారా ఎవరన్నా?"

నేను ఆగలేక ఒక శనివారం సెలవు పెట్టి ఒక్కణ్ణే మంజులమ్మ దగ్గరికి వెళ్లాను. కుక్కను మీకు ఇచ్చేస్తాం, ఈ రోజే తీసుకోవచ్చు, సూదులన్నీ వేయించాం అన్నాను.

ఆవిడ మర బెల్టు వైపు నుంచి కళ్లు తిప్పింది. "ఆయన కుక్కని నువ్వెట్ల ఇస్తావప్పా?"

"ఆయనది కాదమ్మా. షెడ్డు కుక్క."

"అట్లనా?" పిండి చేతులు దులుపుకుంది. "అయితే ఏమిటికి ఇడిచేస్తా ఉండారు? ఏముండాది దానికి?"

ఏమీ లేదన్నాను. ఏమీ లేదని ఎన్నిసార్లు చెబితే అంతగా ఆవిడకు ఏదో ఉందని నమ్మకం కుదిరింది. ఆలోచించి చెప్తానంది. ఆ మరుసటి రోజు ఆయన గొలుసు పట్టుకుని మర ముందు నిలబడగానే, మంజులమ్మ ముందు అడిగిన మాట అదే. "అన్నా, ఇది మీ కుక్క కాదంట?"

"ఎవడు చెప్పె?"

ఆవిడ నా వైపు చూసింది.

"వానికి తెలీదమ్మా. పట్నం పిల్లోడు."

"అట్లయితే నాకిడవండి."

"ఇవ్వను."

అది రెండోసారి అని ఆయన నా వైపు రెండు వేళ్లు చూపించారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఉగాదికి ముందు ఆదివారం మర దగ్గర నిలబడటానికి చోటు లేదు. ఒబ్బట్ల కోసం గోధుమలు ఆడించుకునేవాళ్లు సంచులతో సందు సగం దాకా వరస కట్టారు. బుధవారం లారీ వస్తుంది, కుక్కలన్నీ వెళ్తాయి. ఆ పొద్దున ఆయన వరసలో ఆఖరున నిలబడ్డారు. ముందుకు వెళ్లి అడగండి అని నేను బతిమాలాను. రాగులున్నాయి కదా, వంతు వస్తుందిలే అన్నారు. వంతు వచ్చేసరికి పదకొండయింది. నా చొక్కా పిండితో, చెమటతో అట్టకట్టింది.

మంజులమ్మ సంచి అందుకుంది. "అన్నా, లారీ వస్తా ఉండాదంట. కుక్కని ఏం చేస్తా ఉండారు?"

"నా కుక్క, నా ఇష్టం."

"అడిగి అడిగి నా నోరు నొచ్చె. ఇడుస్తారా లేదా? ఒగ మాట చెప్పండి."

నేను ఆయన చెప్పుకు అందకుండా దూరంగా నిలబడి చూస్తున్నాను. మర తిరుగుతోంది. గలాటా వెనక మూలను చూసి అరుస్తోంది. అప్పుడు ఆయన గొలుసుకు చుట్టిన టవలు విప్పారు. గొలుసు నాకిచ్చారు. టవలు విదిలించి, కుడిచేతి మీద కప్పుకుని, ఆ చెయ్యి ముందుకు చాపారు.

"పగలు నీ ఇష్టం. ఎంతన్నా అరవనీ. రేత్రి పూట ఎన్ని అరుపులకి లేసి దాన్ని ఊరుకోబెడతావు? అది చెప్పు."

మంజులమ్మ ఆయన్నూ టవల్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత పకపకా నవ్వి, చెయ్యి కొంగుకు తుడుచుకుని టవలు కింద పెట్టింది.

టవలు కింద వేళ్లు కదిలాయి. ఆవిడ మొహం చిట్లించింది. "అంత తక్కవా? నేను మనిషినా, మిలిట్రీనా?"

"అడుగు నువ్వు."

ఆవిడ వేళ్లు కదిలించింది. ఆయన ఒళ్లు జలదరించినట్టు తల విదిలించారు. "అన్ని అరిచినాక ఇంగ లేసేదేమిటికి? తెల్లారిపోతుంది."

"బేరం తొందరగా కానీయండప్పా, పండగ ఈ సంవత్సరమే!" అని వరసలోంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. టవలు ఇంకోసారి కదిలింది, ఇంకోసారి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని టవలు దులిపి భుజాన వేసుకున్నారు.

"ఆయె."

"ఎంతకి కుదిరింది?" అన్నాను.

"టవలు కింది మాట బయటికి చెప్పేది లేదు."

"నాకు చెబితే ఏమవుతుంది అంకుల్? కుక్కను ఇచ్చేది మేము!"

"ఇచ్చింది నేను" అన్నారు. లుంగీ మడతలోంచి నారింజ కోటు తీసి నాకు ఇచ్చారు. ఉతికి, ఇస్త్రీ చేసి, అవే నాలుగు మడతలు. "ఇది నీది. సైజు సరిపోయేదే, పాపం."

తర్వాత మర పంపు దగ్గర ఎప్పటిలాగే మోచేతుల దాకా చేతులు కడుక్కుని, రాగిపిండి సంచి ఎత్తుకుని సందు దాటి ఇంట్లోకి వెళ్లారు. వెనక్కి తిరిగి చూడలేదు. గలాటా స్తంభానికి కట్టి ఉంది. ఆయన వెళ్లిన గుమ్మం వైపు తిరిగి అరుస్తోంది. అప్పుడు నాకు అర్థమైంది. షెడ్డు ఆయన ఇంటికి రెండు వీధుల అవతల. మర ముందు స్తంభం సరిగ్గా మేడ మీద ఆయన పడకగది కిటికీకి ఎదురుగా.

పండగ వెళ్లిన వారానికి నా సెల్‌కు ఫోను వచ్చింది.

"ఇంజనీరప్పా, కంప్లైంటు ఉండాది. మీ కుక్క అరుస్తా ఉండాది."

"మాది కాదు అంకుల్. మీదే."

ఆయన ఫోను పెట్టేశారు.

తుమకూరు రోడ్డు చోటుకు నేను రెండుసార్లు వెళ్లాను. మేడం చెప్పింది నిజమే, అక్కడ కుక్కలను చూపించడానికి మనుషులు లేరు. నారింజ కోట్లు అక్కడే ఒక డబ్బాలో ఉండిపోయాయి. నా ఆదివారాలు వేరే పనుల్లో పడ్డాయి. తర్వాత నేను కూడా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోనే ఇల్లు తీసుకున్నాను. టీమ్ లీడ్ ఇంటి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా కాంపౌండు లోపల ఆ లాబ్రడార్ కనపడేది, లావుగా, నిద్రపోతూ. మూడోసారి అడగడం తెలియని ఆ ఇంట్లో దాని బదులు మా షెడ్డు కుక్క ఒకటి ఉండాల్సింది. గలాటా అక్కడికి వెళ్లి ఉంటే, మంజులమ్మకు వెనక వరసలో నుంచి ఇంకో కుక్కను ఇచ్చేవాళ్లం. ఒకటికి రెండు. ఈ లెక్క ఆయనకు ఎన్నోసార్లు చెప్పాలనుకున్నాను. చెప్పినా ఎద్దుల సంత దగ్గరికే తీసుకొచ్చేవారు.

నాలుగేళ్ల తర్వాత మంజులమ్మ ఫోను చేసింది, ఆయన పోయారని, పదకొండో రోజు ఫలానా అని.

షామియానా కింద ఖాళీ కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను. "ఇప్పుడైనా చెప్పమ్మా. ఆ రోజు టవలు కింద ఎంతకి కుదిరింది?"

ఆవిడ ఫొటో వైపు చూసింది, చెప్పొచ్చా అన్నట్టు. "ఆయన ఎనిమిది అనె. నేను ఇరవై అంటి. పన్నెండుకి కుదిరె."

"పన్నెండు అరుపులయితే మీరు లేచి ఆపాలి."

"నేను యాడ లేస్తానప్పా? పొద్దంతా మర, పండుకుంటే సోయి ఉండదు. ఆయనే లెక్క పెట్టుకుంటా ఉండె. పన్నెండు కాంగానే కిటికీ తీసి, 'ఏయ్ గలాటా' అనె. అంతే. నోరు మూసేది."

ఆయన భార్య వెనక కుర్చీలో ఉంది. మా మాటలు విన్నది. "పదకొండుకే లేసి కూసోని ఉండె" అంది. "నిద్ర పోండి, నేను చెప్తాలే దానికి అంటే, నీ మాట వినదే అనె. వినదు కూడా. నేనూ చెప్పి చూస్తి, ఈ పది దినాలు."

వంటవాళ్లు గంగాళం మూత తీశారు. ఇత్తడి మోగింది. కాసేపు ఊరుకున్న గలాటా మళ్లీ మొదలుపెట్టింది. నేను కావాలని లెక్కపెట్టలేదు, అలవాటు. తొమ్మిది, పది. పదకొండు దగ్గర ఆయన భార్య చేతిలోని చెంబు కింద పెట్టింది. పన్నెండు. మంజులమ్మ తల ఎత్తి మేడ మీద కిటికీ చూసింది. కిటికీ మూసి ఉంది. కుక్క ఆగి, అటే చూసింది.

తర్వాత మళ్లీ అరిచింది. ఆకులు వేశారు, లోపలికి రమ్మని పిలిచారు. బంధువులు లేచారు. నేను లేవలేదు.

అది ఆపేసరికి నలభై ఏడు.